పాత కంప్యూటర్‌కి కొత్త ర్యామ్: కొనేముందు చిప్‌లు లెక్కపెట్టండి

[తెర: నల్లటి మానిటర్. లోపల ఫ్యాను తిరుగుతోంది. కీ... కీ... కీ... అని బీప్]

విన్నారు కదా ఈ మోత. ఇది పలాసలో మా మావయ్య ఇంట్లో కంప్యూటర్. 2011లో కొన్నది. జీడిపప్పు వ్యాపారం లెక్కలన్నీ దీంట్లోనే ఉంటాయి. ఎన్ని బస్తాల పిక్కలొచ్చాయి, ఎంత పప్పు దిగింది, ఎవరెంత బాకీ, అన్నీ. 2 జీబీ ర్యామ్‌తో, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీతో, ఇన్నేళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ బాణం కూడా కదలడం లేదు.

"ర్యామేదో ఎక్కువేస్తే స్పీడవుద్దంట గదరా, ఏటో సూడు" అన్నాడు మావయ్య.

సరేనని శ్రీకాకుళంలో ఒక షాపులో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ కొన్నాను. డీడీఆర్2, డీడీఆర్3 అంటే ర్యామ్‌లో తరాలు. ఆమదాలవలసలో రైలెక్కి పలాసలో దిగి, మంచినీళ్లు కూడా తాగకుండా కేబినెట్ విప్పి బిగించేశాను. స్విచ్ వేస్తే ఇందాక మీరు విన్న మోత. తెర మీద ఏమీ లేదు.

"ఏట్రా, ఉన్నదీ పోగొట్టీసావా?"

అప్పుడు నాకొచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. పాత ర్యామ్ తిరిగి పెడితే కంప్యూటర్ ఎప్పటిలాగే లేచింది. అంటే కొత్తదే పాడైన సరుకని తేల్చుకుని, దారి పొడుగునా షాపాయన్ని తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా అదే ర్యామ్ తన కంప్యూటర్‌లో పెట్టి ఆన్ చేశాడు. చక్కగా పనిచేసింది. అప్పుడడిగాడు: "మీ బోర్డు ఏదండీ?"

నాకు తెలీదు. తప్పు నాదే, ఆయనది కాదు.

[తెర: మదర్‌బోర్డు దగ్గరగా. అక్షరాల మీద వేలు]

బోర్డంటే మదర్‌బోర్డు, లోపలి భాగాలన్నీ బిగించే పెద్ద పలక. దాని పేరు సాధారణంగా దాని మీదే అచ్చేసి ఉంటుంది. కేబినెట్ విప్పడం ఇష్టం లేకపోతే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. అందులో మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో బోర్డు పేరు, చిప్‌సెట్ (అంటే బోర్డు మీది భాగాలని కలిపి నడిపించే చిప్‌లు) పేరు కనిపిస్తాయి. మావయ్య కంప్యూటర్‌లో చిప్‌సెట్ దగ్గర జీ41 అని ఉంది. కథంతా ఈ మూడు అక్షరాల్లోనే ఉంది.

జీ41 ఇంటెల్ వారి చిప్‌సెట్. కోర్ 2 డుయో, పెంటియమ్ డ్యూయల్ కోర్ ప్రాసెసర్ల కాలం నాటిది. ఆ రోజుల్లో ఇళ్లలోకి కొన్న కంప్యూటర్లలో ఈ రకం బోర్డులు బాగా కనిపించేవి. ఇది మొత్తం 8 జీబీ వరకు తీసుకుంటుంది. కాబట్టి 4 జీబీ ముక్క పెట్టొచ్చు. మరి ఎందుకు లేవలేదు?

[తెర: టేబుల్ మీద రెండు ర్యామ్‌లు పక్కపక్కన]

ఇవి రెండూ 4 జీబీలే, రెండూ డీడీఆర్3లే. తేడా చూడండి. దీనికి ఒకవైపు 8 నల్ల చిప్‌లు, తిప్పితే ఇటువైపు మరో 8. మొత్తం 16. ఇంకోదానికి ఒకవైపే 8 ఉన్నాయి, వెనక బోడి.

మొదటిదాంట్లో ఒక్కో చిప్‌లో 256 ఎంబీ పడుతుంది. 16 పెడితే 4 జీబీ. రెండోదాంట్లో ఒక్కో చిప్‌లోనే 512 ఎంబీ, అందుకే 8 చాలు. జీ41 తయారైన నాటికి దానికి నేర్పింది ఒక్కో చిప్ 256 ఎంబీ వరకే. అంతకంటే పెద్ద చిప్ ఎదురైతే దాన్ని ఎలా చదవాలో దానికి తెలీదు. కొన్ని బోర్డులు బీప్ కొట్టి ఆగిపోతాయి. కొన్ని లేస్తాయి కానీ 4 జీబీని 2 జీబీ అని చూపిస్తాయి. కుంచం పెద్దదైనా కొలిచేవాడికి సోల దాకానే లెక్క వచ్చినట్టు.

కాబట్టి జీ41 ఉన్నవాళ్లు షాపులో "4 జీబీ డీడీఆర్3 ఇవ్వండి" అని ఊరుకోకండి. "16 చిప్‌లది ఇవ్వండి" అని అడిగి, చేత్తో పట్టుకుని లెక్కపెట్టుకోండి. 2 జీబీ ముక్కల్లో 8 చిప్‌లున్నా పరవాలేదు, అవి 256 ఎంబీవే అవుతాయి. దీని తర్వాత వచ్చిన హెచ్61 లాంటి బోర్డులకి ఈ బాధ లేదు. 8 చిప్‌ల 4 జీబీని అవి హాయిగా తీసుకుంటాయి.

డీడీఆర్2 బోర్డు ఉన్నవాళ్లకి ఇంకో వల ఉంది. ఆన్‌లైన్‌లో 4 జీబీ డీడీఆర్2 చవగ్గా కనిపిస్తుంది. వివరాల్లో అడుగున చిన్న అక్షరాల్లో 'ఏఎండీకి మాత్రమే' అని ఉంటుంది. ఏఎండీ ఇంటెల్‌కి పోటీ కంపెనీ, ఆ ర్యామ్ ఇంటెల్ బోర్డులో పనిచెయ్యదు. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా అంతే, ఎంత చవకైనా మన ఇంటి కంప్యూటర్‌కి దండగ.

[తెర: డీడీఆర్2, డీడీఆర్3 ఒకదాని మీద ఒకటి పెట్టి గాడి చూపించాలి]

ఈ రెండూ ఒకే పొడవు. రెండింటికీ 240 పిన్నులే. గాడి మాత్రం ఒకచోట ఉండదు. డీడీఆర్2కి 1.8 వోల్టులు కావాలి, డీడీఆర్3కి 1.5. అందుకే ఒకటి ఇంకోదాంట్లో దిగకూడదనే గాడి జరిపారు. దిగకపోతే దాని అర్థం దిగకూడదనే. బలం చూపించకండి.

ఇప్పుడు బిగించడం. ముందు స్విచ్ ఆపి, వైరు గోడలోంచి పీకండి. తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ ఇనుము ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. మావయ్య కేబినెట్ విప్పితే వేలెడు మందాన దుమ్ము, మూలన రెండు బల్లి గుడ్లు. బ్రష్‌తో మెల్లిగా దులపండి, నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి.

మన తీరం గాలిలో తేమ ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మావయ్య ఇంట్లో కిటికీలు పోయి, ఈ కంప్యూటర్ రోజుల తరబడి ఆ చెమ్మలోనే ఉంది. పాత ర్యామ్ బయటికి తీస్తే బంగారు రంగు పళ్లు మసకబారి ఉన్నాయి. పిల్లలు పెన్సిల్ చెరుపుకునే మెత్తటి రబ్బరుతో ఆ పళ్లని రుద్దండి. రాలిన పొడి పొడిగుడ్డతో తుడిచెయ్యండి. నవ్వుకుంటారేమో గానీ, "నిన్నటిదాకా బానే ఉంది, ఇవాళ లేవట్లేదు" అనే కంప్యూటర్లు కొన్ని ఈ ఒక్క పనితోనే లేచి కూర్చుంటాయి.

[తెర: ర్యామ్ స్లాట్‌లోకి దిగుతోంది. టక్, టక్]

రెండు చివరలా క్లిప్పులు వాటంతట అవే పడాలి. పాత స్లాట్లు బిగుసుకుపోయి ఉంటాయి, ఒకవైపు దిగి ఇంకోవైపు లేచి ఉండిపోతుంది. బయటికి చూస్తే దిగినట్టే ఉంటుంది. వంగి పక్కనుంచి చూడండి.

సరైన ముక్కే, సరిగ్గానే దిగింది, అయినా లేవట్లేదా? బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి, అయిదు నిమిషాలాగి పెట్టండి. పాత సెట్టింగులు చెరిగిపోయి కొత్త ర్యామ్‌ని మొదట్నుంచి చూసుకుంటుంది. తేదీ, టైము మళ్లీ పెట్టుకోవాలి. ఇంకో మాట, బీప్ రాలేదంటే ర్యామ్ బాగున్నట్టు కాదు. చాలా కేబినెట్లలో అసలు ఆ చిన్న స్పీకరే ఉండదు.

నేను 16 చిప్‌ల ముక్క వెతికి తెచ్చి, పాత 2 జీబీ పక్కనే పెట్టాను. పాతది 1333, కొత్తది 1600. వేగాలు వేరైనా తప్పు లేదు, రెండూ తక్కువదాని వేగం దాటకుండా ఒకే వేగంతో నడుస్తాయి. మొత్తం 6 జీబీ. విండోస్ తెరిచి చూస్తే వాడుకోదగ్గది 3 చిల్లర అంటోంది!

ఇది మాత్రం ర్యామ్ తప్పు కాదు, బోర్డు తప్పు కాదు. మావయ్య దగ్గరున్నది 32-బిట్ విండోస్. 32 బిట్లతో వేయగలిగే చిరునామాలు 4 జీబీకే సరిపోతాయి. అందులోంచి గ్రాఫిక్స్‌కి, మిగతా పరికరాలకి పోగా మనకి 3 చిల్లర మిగులుతుంది. 64-బిట్ వేసుకోవాల్సిందే. 32 మీద 64ని అప్‌గ్రేడ్‌లా వెయ్యడం కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చెయ్యాలి. కాబట్టి ముందు డేటా పెన్‌డ్రైవ్‌లోకి. నేనైతే రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీశాను. జీడిపప్పు బాకీల లెక్క పోతే మావయ్య నన్ను ఇంట్లోకి రానివ్వడు.

64-బిట్ ఉండి కూడా తక్కువ చూపిస్తే విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్ తెరిచి, బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లండి. అక్కడ మ్యాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసెయ్యండి. విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 64-బిట్‌లో కూడా 8 జీబీ దాటదు, అదీ గుర్తుంచుకోండి.

[తెర: నీలం తెర మీద మెమ్‌టెస్ట్ అంకెలు పరుగెడుతున్నాయి]

అన్నిటికంటే విసిగించేది చివరి రకం. లేస్తుంది, మొత్తం ర్యామ్ చూపిస్తుంది, గంటకోసారి బిగుసుకుపోతుంది. దీనికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్‌ని దాంతోనే లేపి, రాత్రంతా నడవనివ్వండి. కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచే, ఇన్వర్టర్ ఉంటే దాని మీద పెట్టండి. తెల్లారి చూస్తే ఒక్క ఎర్ర గీత ఉన్నా ఫెయిలే. "ఒకటే కదా" అని వదిలెయ్యకండి, ఆ ఒక్కటే ఏదో రోజు మీ ఫైల్‌ని తినేస్తుంది.

తప్పు వచ్చిందంటే ర్యామ్‌దా, స్లాట్‌దా? ఒక్కో ముక్కనే ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడండి. రెండు ముక్కలు, రెండు స్లాట్లు, నాలుగు పరీక్షలు. ముక్క ఎటు పోతే తప్పు అటు పోతే ముక్క చెడ్డది. ముక్క మారినా తప్పు అదే స్లాట్‌లో వస్తుంటే స్లాట్ చెడ్డది.

మావయ్య కంప్యూటర్‌లో రాత్రంతా నడిస్తే ఒక్క తప్పూ రాలేదు. పొద్దున్న ఆయన టీ గ్లాసుతో వచ్చి, బ్రౌజర్‌లో ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది ట్యాబులు తెరిచి, మౌస్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బానే ఉంది గానీ, ఆన్ అవ్వడానికి ఇంకా అంతసేపే పడతాందేట్రా?"

అది హార్డ్ డిస్క్ సంగతి. దాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో వేగంగా పనిచేసే డిస్క్, తేవాలి. ఈసారి శ్రీకాకుళం వెళ్లినప్పుడు అదే షాపుకి వెళ్తాను, ముందు బోర్డు పేరు చీటీ మీద రాసుకుని.

[తెర: చీటీ మీద చేతిరాత: జీ41]