సాలీడు పిల్లని పెంచడమంటే చెయ్యి ఆపుకోవడం

(పర్లాకిమిడిలో బడి పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లల కళ్లన్నీ ఈ బల్ల మీదే ఉన్నాయని నాకు తెలుసు. బల్ల మీద ఉన్నది ఒక అగ్గిపెట్టె. అందులో ఏముందో చివర్లో చూపిస్తాను. బతికున్న సాలీడిని తెస్తానని మీరు అనుకుని ఉంటారు. తేలేదు. నేను గుణుపురం నుంచి బస్సులో వచ్చాను. ఆ కుదుపులు మనకే పడవు. నేల ఏమాత్రం అదిరినా కాళ్లతో, ఒంటి మీది వెంట్రుకలతో పసిగట్టే జీవికి అవి ఎలా ఉంటాయో ఆలోచించండి. దానికి ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రమే.

గిడుగు వారి ఊళ్లో పుస్తక భాష మాట్లాడితే బాగుండదు కాబట్టి మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది టారంటులా పిల్ల. టారంటులా అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. మెక్సికో దేశపు జాతి. పెద్దయ్యాక మోకాళ్ల దగ్గర ఎర్రటి నారింజ రంగు వస్తుంది, అందుకే రెడ్ నీ అంటారు. రెండేళ్ల కిందట ఇంటికి వచ్చినప్పుడు కాళ్లన్నీ చాపినా నా చిటికెన వేలి గోరంతే ఉంది. ఇప్పుడు రూపాయి బిళ్లంత అయింది. మెల్లగా పెరిగే జాతి ఇది. ఆడదైతే ఇరవై ఏళ్లు దాటి బతకగలదు. ఈ వరుసలో కూర్చున్న ఐదో తరగతి పిల్లకి పెళ్లయి పిల్లలు పుట్టేదాకా అన్నమాట. పెంచుకోవాలని సరదా పడేవాళ్లు ముందు ఆ లెక్క వేసుకోవాలి.

మొదటిరోజు మా అత్తయ్య ఆ డబ్బా చూసి, "ఏటమ్మా ఇది! ఇంట్లో బూజు దులుపుతాం గానీ డబ్బాలో పెట్టి పెంచుతామేటి?" అన్నారు. నేనేమీ వాదించలేదు. నాలుగు రోజులయ్యాక ఆవిడే పక్కింటావిడతో "శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలెపురుగే కదా, శివుడికి గుడి కట్టింది" అని చెబుతుంటే విన్నాను. ఇప్పుడు డబ్బా ఉన్న అలమారా దగ్గరకి చీపురు తీసుకెళ్లనివ్వరు.

ఇంకో మాట చెప్పాలి. ఈ పిల్లకి ముందు నా దగ్గర ఇంకొకటి ఉండేది. అది నా వల్లే చచ్చిపోయింది. ఇవాళ ఇక్కడ నిలబడడానికి కారణం అదే.

ఆ పిల్ల మూడు నెలలు బాగా తిన్నది. తర్వాత ఉన్నట్టుండి తిండి మానేసింది. వారం గడిచింది. నాకు ఒకటే టెన్షన్. పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాను. మూత తీసి బ్రష్షుతో కదిపి చూశాను. ఆకలేసినప్పుడు తింటుందిలే అని ఒక బతికున్న ఇలకోడిని, అదే కీచురాయిని, డబ్బాలో వదిలి పడుకున్నాను. తెల్లారి చూస్తే సాలీడు వెల్లకిలా పడి ఉంది, పొట్ట కొరికేసి ఉంది. ఇలకోడి మాత్రం తిరుగుతోంది.

దానికి జబ్బేమీ లేదు. కుబుసం విడవబోతోంది, అంతే. ఎముకలు లోపల ఉన్నాయి కాబట్టి మనం ఏ ఆటంకం లేకుండా పెరుగుతాం. సాలీడుకి ఒంటి పైతొడుగే ఎముక. అది సాగదు. లోపల కొత్త తొడుగు తయారయ్యాక పాతది పగలగొట్టుకుని బయటికి రావాలి. చిన్న సాలీడు పిల్లలు నెలకో రెండు నెలలకో ఒకసారి కుబుసం విడుస్తాయి, పెద్దయ్యాక ఏడాదికి ఒకసారో ఇంకా తక్కువో. దగ్గర పడ్డప్పుడు తిండి మానేస్తాయి. పొట్ట నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తుంది. కొన్ని తమ గూటి ద్వారం మట్టితో మూసేసుకుంటాయి. అప్పుడు తవ్వి చూడకండి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. టారంటులా వెల్లకిలా పడుకుందంటే చచ్చిపోయినట్టు కాదు. కుబుసం విడిచేది అలాగే. చాలామంది చచ్చిందనుకుని పారేస్తారు. నిజంగా చచ్చేది మామూలుగా నిలబడినట్టే ఉండి, కాళ్లన్నీ కిందకి ముడుచుకుంటుంది. ఎందుకంటే దానికి కాలు ముడవడానికి కండరాలున్నాయి, ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి గట్టిగా నెట్టి చాపుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి ఉండదు, కాళ్లు ముడుచుకుపోతాయి. అలా ముడుచుకుంటున్న పిల్లని తడి దూది పరిచిన డబ్బాలో పెడితే కొన్నిసార్లు తేరుకుంటుంది.

కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. తర్వాత ఎర్రబడి నల్లబడతాయి. నల్లబడేదాకా తిండి పెట్టకూడదు. సాలీడు పిల్లలకి ఒక వారం ఆగితే చాలు. విరిగిన కాలు కూడా కుబుసాల మీద కుబుసాలు విడిచేసరికి మళ్లీ మొలుస్తుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను ఇంట్లో అందరినీ లేపాను, రాత్రి పన్నెండింటికి.

ఇక డబ్బా సంగతి. మందుల షాపులో మూత్ర పరీక్షకి ఇచ్చే మూతడబ్బా చాలు. సూది కాల్చి మూతకీ పక్కలకీ సన్న రంధ్రాలు పెట్టండి. సగం దాకా కొబ్బరి పొట్టు నింపి, ఒక మూల చిన్న బెరడు ముక్క పెట్టండి. పెద్ద డబ్బా కొంటే ప్రేమ ఎక్కువైనట్టు కాదు. అందులో పిల్లకి తిండి దొరకదు, మీకు పిల్ల దొరకదు. నేల మీద తిరిగే జాతికి ఎత్తు కూడా ప్రమాదమే, పడితే పొట్ట పగిలిపోతుంది. రెండింటిని కలిపి పెట్టొద్దు, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది.

తిండి విషయంలో పిల్లలు అడిగేది ఒకటే: ఎంత? సాలీడు పొట్ట కన్నా చిన్న పురుగు, వారానికి ఒకటో రెండో. బాగా చిన్నప్పుడు ఇలకోడి కాలు ఒక ముక్క కోసి పెట్టినా తింటుంది. మర్నాటికి మిగిలితే తీసేయండి.

మన ఊళ్లలో అసలు కష్టం వేరే ఉంది. మన జిల్లాల్లో మలేరియా ఉంది. ప్రభుత్వం ఇచ్చే దోమతెరలకి పురుగుమందు పట్టించి ఉంటుంది. ఇళ్లలో మందు కొట్టడానికి మనుషులు వస్తారు. మనం దోమల చుట్టలు వెలిగిస్తాం. దోమని చంపే మందు సాలీడుని కూడా చంపుతుంది. అలాగని దోమతెర మానకండి, ఆ మాట నేను ఎప్పుడూ అనను. డబ్బానే వేరే గదిలో పెట్టండి. మందు కొట్టేవాళ్లు వచ్చే ముందు బంధువుల ఇంటికి చేర్చండి. ఇంకొకటి, రాయగడ వైపు పత్తి చేలలో ఇలకోళ్లు బోలెడు దొరుకుతాయి. వాటిని పట్టి పెట్టొద్దు. పత్తికి కొట్టే మందు వాటి ఒంట్లో ఉంటుంది. నేను ఒక ప్లాస్టిక్ తొట్టిలో గుడ్ల అట్టలు పెట్టి ఇలకోళ్లని ఇంట్లోనే పెంచుతున్నాను. రాత్రంతా ఒకటే కీచుమని అరుపు. మా ఆయన ఓపికకి దండం పెట్టాలి.

మే నెలలో డబ్బాని లోపలి గదిలో, నేల మీద, నీళ్ల కుండ పక్కన పెడతాను. కిటికీలో ఎండ తగిలితే ప్లాస్టిక్ డబ్బా గంటలో పొయ్యి అవుతుంది. మే నెలలో రెండు రోజులకోసారి ఇంకు ఫిల్లరుతో ఒక మూల నాలుగు చుక్కలు వేస్తాను. జూలై, ఆగస్టుల్లో గోడలే చెమరుస్తాయి, అప్పుడు నీళ్లు దాదాపు ఆపేస్తాను. తడి ఎక్కువైతే బూజు పడుతుంది. ఏ నెలలో ఎంత అనేది పుస్తకం చెప్పదు, మీ ఇంటి గోడ చెబుతుంది.

మహేంద్రగిరి అడవుల వైపు వెళ్లినప్పుడు పెద్ద సాలీడు కనిపిస్తే పట్టి తెచ్చి పెంచుకోవచ్చా అని ఒక అబ్బాయి ఇందాక అడిగాడు. వద్దు నాన్నా. గుత్తి సాలీడు కథ విను. 1899లో ఇంగ్లీషు శాస్త్రవేత్త పొకాక్ గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క నీలి సాలీడుకి పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. అడవి తరిగిపోతుండడంతో పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో ఉందిప్పుడు. ఆ నీలం రంగు మీద మోజుతో బయటి దేశాల వాళ్లు ఇళ్లలో పెంచుకుంటున్నారు. మన తెలుగు నేల మీద పుట్టినదాన్ని మనలో ఎంతమంది చూశాం? అడవిలోది అడవిలోనే ఉండనివ్వండి.

పైగా మన దేశపు టారంటులాలు వేగంగా పరిగెడతాయి. కొన్ని కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి నొప్పి పెడతాయి. మనిషి చచ్చిపోయినట్టు నమ్మదగిన దాఖలా లేదు, కాబట్టి ఇంట్లోకి వస్తే చెప్పు తీసుకోవద్దు. గ్లాసు బోర్లించి, కింద అట్ట దూర్చి, పెరట్లో వదిలేయండి. అమెరికా ఖండాల జాతులు కరవడం తక్కువ, కానీ పొట్ట మీది వెంట్రుకలు విసురుతాయి. కంట్లో పడితే చాలా ప్రమాదం.

కొనాలనుకునే పెద్దలకి: రెడ్ నీ లాంటివి సైటీస్ అనే, అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటివి ఉన్నవాళ్లు నమోదు చేయించుకోవాలి, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ వెబ్‌సైట్లో. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి.

సరే, ఇప్పుడు అగ్గిపెట్టె. ఇందులో మా పిల్ల విడిచిన ఎనిమిది కుబుసాలున్నాయి. మొదటిది ఆవగింజంత, ముట్టుకుంటే పొడి అయిపోతుంది, దాన్ని చూడడమే. చివరిదాన్ని అరచేతిలో పెట్టుకోవచ్చు. భూతద్దం ఇస్తాను, కోరలు కూడా కనిపిస్తాయి. ఒక్కొక్కరే రండి, ఫ్యాను ఎవరైనా ఆపండి.