తెలుగు పుస్తకం పేరు తెలుగులోనే ఉండాలి

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు, ముఖ్యంగా వెనక వరుసలో నిలబడి వింటున్న గ్రంథాలయ సిబ్బందికి నమస్కారం. ‘ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయం: చరిత్ర, సేవలు’ అనే అంశం నాకు ఇచ్చారు. చరిత్రతోనే మొదలుపెడతాను.

ఈ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది. అదే ఊళ్లో, అంతకు పన్నెండేళ్ల ముందు, 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. విశ్వవిద్యాలయం కంటే ముందు మనకు గ్రంథాలయ ఉద్యమం ఉంది. చందాలు పోగుచేసుకుని పల్లెల్లో పఠన మందిరాలు నిలబెట్టుకున్న జాతి మనది.

1930లో విశ్వవిద్యాలయం విశాఖలోని వాల్తేరుకు వచ్చింది. మొదటి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఆయన తరవాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఇద్దరూ పుస్తకాల మధ్య బతికినవారే. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారి దాతృత్వం సంస్థకు అండగా నిలిచింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, తరవాత తిరిగి వచ్చింది. 1949 నుంచి పన్నెండేళ్లు ఉపాధ్యక్షులుగా ఉన్న వాసిరెడ్డి శ్రీకృష్ణగారి పేరే ఇప్పుడు గ్రంథాలయానికి ఉంది. గ్రంథాలయశాస్త్ర బోధన ఇక్కడ 1935లోనే మొదలైంది. అంటే విద్యార్థులారా, మీరు కూర్చున్నది చాలా పాత బడిలో.

సేవల గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. పుస్తకం అరువివ్వడం, రిఫరెన్సు విభాగం, పత్రికలు, పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలను శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేర్చడం, ఇవన్నీ మీరు రోజూ చూస్తున్నవే. వీటన్నింటికీ ముందుండే సేవ ఒకటి ఉంది. అడిగిన పుస్తకం మన దగ్గర ఉందో లేదో నిజం చెప్పడం. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నేను చాలా ఏళ్లు ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేశాను. దాని పేరు చెప్పను. ఒకరోజు పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చి శాసనాల మీద ఒక పాత తెలుగు పుస్తకం కావాలంది. కంప్యూటర్‌లో వెతికితే లేదని వచ్చింది. ఆ పుస్తకం కోసం ఆమె అప్పటికే మూడు ఊళ్లు తిరిగింది. వెళ్లిపోబోతుంటే మా అటెండరు ఆపాడు. “ఉండమ్మా, అది కిటికీ పక్క బీరువాలో ఉండాలి” అని వెళ్లి, రెండు నిమిషాల్లో దుమ్ము దులిపి తెచ్చి ఇచ్చాడు.

పుస్తకం ఉంది. కంప్యూటరే లేదంది. ఎందుకు? ఒక్కో పుస్తకం వివరాలు రాసి ఉంచిన పాత కేటలాగు కార్డుల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తెలుగు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించారు. ‘శ’కు ఒకరు ‘ఎస్’ వేశారు, ఇంకొకరు ‘ఎస్‌హెచ్’ వేశారు. దీర్ఘానికి ఒకరు ‘ఏ’ రెండుసార్లు కొట్టారు, ఇంకొకరు ఒక్కసారే కొట్టారు. ‘త’ ఒకచోట ‘టి’ అయింది, మరొకచోట ‘టిహెచ్’ అయింది. ‘ళ’కూ ‘ల’కూ తేడా పోయింది. కళ అని వెతికినవారికి కల దొరుకుతుంది. అయ్యా, యాభై ఆరు అక్షరాల భాషను ఇరవై ఆరు అక్షరాల్లో కుక్కితే ఇంకేమవుతుంది?

ఇది కుదరని పని కాబట్టి అలా చేశారని ఎవరూ అనవద్దు. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌కు తెలిపే యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నుంచీ ఉంది. ఉచితంగా దొరికే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో తెలుగు అక్షరాలతోనే పేరు ఎక్కించవచ్చు, తెలుగు అక్షరాలతోనే వెతకవచ్చు. మీ అందరి ఫోనుల్లోనూ తెలుగు ఉంది. ఇంట్లో అమ్మకు తెలుగులో సందేశం పంపగలిగే మనం పుస్తకం పేరు తెలుగులో కొట్టలేమా?

ఆ కార్డుల మాట కూడా చెప్పాలి. ఒక వేసవి సెలవుల్లో వాటిని తూకానికి అమ్మేశారు. నేను సెలవులో ఉన్నాను. పేర్లు ఎలాగూ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అన్నారు. కార్డు వెనక పెన్సిలుతో రాసినవి ఎక్కడున్నాయి? ‘దీనితో కలిపి మరో రెండు చిన్న పుస్తకాలు బైండు అయ్యాయి’, ‘ముఖపత్రం లేదు, రెండో కూర్పు’ అని నాకంటే ముందు పనిచేసినవాళ్లు రాసిపెట్టారు. కలిపి బైండు చేసిన ఆ చిన్న పుస్తకాలకు ఇప్పుడు ఎక్కడా పేరు లేదు. అవి బీరువాలోనే ఉన్నాయి, అయినా లేనట్టే. ఆ అటెండరు రిటైరయ్యాడు.

వెనక వరుసలో ఉన్న మిత్రులారా, మీకు తెలిసినవన్నీ చెప్పండి. విద్యార్థులారా, మీరు వాళ్ల పక్కన కూర్చుని రాసుకోండి. ఏ బీరువాలో ఏముందో, ఏ అట్టలో ఎన్ని పుస్తకాలున్నాయో తెలుగులోనే రాయండి. రోజుకు పది పుస్తకాలు చాలు.

అమ్మేసిన కార్డుల్లో ఒక్క డ్రాయరు నాకు దక్కింది. ‘క’ నుంచి ‘గ’ దాకా కార్డులు అందులో ఉన్నాయి. ఈరోజు దాన్ని తెచ్చాను, ఆ గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాను. సభ అయ్యాక వచ్చి కార్డులు తిప్పి వెనక వైపు చదవండి. పెన్సిలు రాత చెరిగిపోతోంది, కాస్త వెలుతురులో పెట్టుకుని చూడండి.