యాక్టివేట్ అయితే అసలుదేనా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్లి దాకా వచ్చినందుకు సంతోషం. మీలో అకౌంట్స్ ఆఫీసుల వాళ్లు, ట్యూషన్ సెంటర్ల వాళ్లు, పీజీలు నడిపేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. అందుకే నా ఆఫీసులో జరిగింది ముందు చెబుతాను.

కొన్నేళ్ల కిందట బెంగళూరు ఎస్పీ రోడ్డులో మూడు కంప్యూటర్లు అసెంబుల్ చేయించాను. వాటికి విండోస్ కీలు, అంటే విండోస్‌ని యాక్టివేట్ చేసే కోడ్‌లు, ఆన్‌లైన్‌లో కొన్నాను, ఒక్కోటి నాలుగు వందలు. అమ్మినవాడు కీతో పాటు ఒక కమాండ్ కూడా పంపాడు. అది కొట్టగానే యాక్టివేట్ అయింది. ఇంకేం, అసలుదే అనుకున్నాను. ఆరు నెలలు తిరిగాక, జీఎస్టీ రిటర్ను గడువుకి రెండు రోజుల ముందు, మూడు తెరల మీదా యాక్టివేట్ చేయమని అడగడం మొదలైంది. అమ్మినవాడి నంబరు పనిచేయలేదు.

ఆరు నెలలే ఎందుకో తర్వాత తెలిసింది. పెద్ద కంపెనీలు చాలా కంప్యూటర్లకి కలిపి వాల్యూమ్ లైసెన్సు కొంటాయి. అందులో కేఎంఎస్ అని ఒక పద్ధతి ఉంది. కంపెనీ సర్వరు తన కంప్యూటర్లకి 180 రోజుల గడువిస్తుంది, ఆ లోపల అవి మళ్లీ సర్వరుని పలకరించి గడువు పొడిగించుకోవాలి. కంపెనీ నెట్‌వర్కులో ఉన్నవాళ్లకి అది తెలియకుండానే జరిగిపోతుంది. నాకు వచ్చిన కమాండు నా కంప్యూటర్లని ఎవరిదో సర్వరు వైపు తిప్పింది. ఆ సర్వరు ఆగింది, నా గడువూ తీరింది. పీజీల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు: ఖాళీ చేసి వెళ్లినవాడి దగ్గర డూప్లికేట్ తాళంచెవి మిగిలినా గది వాడిది కాదు.

కాబట్టి కొనేముందు చూడాల్సింది అమ్మేవాడికి ఆ హక్కు ఉందా అని. బిల్లు అడగండి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా తెలుస్తుంది. యాంటీవైరస్ ఆపమన్నా, మీ కంప్యూటర్ని దూరం నుంచి తనకి అప్పగించమన్నా అక్కడే వదిలేయండి. కీ అసలుదో కాదో చెబుతామనే సైట్లలో మాత్రం మీ కీ కొట్టకండి. మంచి కీ అయితే అది వాళ్ల చేతికి పోతుంది.

ఇంకో మాట, దీనికి చాలామంది అనవసరంగా డబ్బు పోస్తున్నారు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. ఫార్మాట్ చేసి అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేసుకుంటే, నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. కొత్త కీ అక్కర్లేదు.

ట్యాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు లైసెన్సు ఎవరి ఈమెయిల్ మీద ఉందో చూసుకోండి. అమ్మినవాడి మెయిల్ మీద ఉంటే పెత్తనం అతనిదే, ఈ వారమే మార్పించుకోండి. తెలిసి దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు ఉంది. జరిమానా 50 వేల నుంచి 2 లక్షల దాకా.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే తెరవండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. తెర మీద చూపిస్తున్నాను చూడండి: ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్ఐ. ఎంటర్ కొట్టి కాసేపు ఆగండి. డిస్క్రిప్షన్ వరుసలో ఓఈఎం అని ఉంటే అది కంప్యూటర్‌తో వచ్చే రకం. రీటెయిల్, అంటే విడిగా కొనే రకం, అని ఉన్నా బిల్లు వెతకండి, డెవలపర్ల సబ్‌స్క్రిప్షన్ నుంచి బయటికి జారిన కీలు కూడా అలాగే కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ అని వస్తే కంగారు పడకండి, అది మీ కంపెనీ కొన్నదే అయ్యుంటుంది. సొంత కంప్యూటర్లో వాల్యూమ్ అని వచ్చినవాళ్లు చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికి వస్తాను.