నల్లరేగడిలో పూలమడికి ఏ అంచు మేలు?

శ్రోతలకు నమస్కారం.

ధర్మాబాద్‌లోని మా పెరట్లో కనకాంబరాల మడి చుట్టూ ఒకప్పుడు సిమెంటుతో ఇటుక అంచు కట్టించాను. రెండు వరుసలు, పైన నున్నటి పూత. చూడముచ్చటగా ఉండేది. మే నెల వచ్చేసరికి ఆ అంచుకూ మట్టికీ మధ్య నేల నెర్రె విచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే మణికట్టు దాకా దిగింది. పొద్దున పోసిన రెండు బిందెల నీళ్లూ వేళ్లకు అందకుండా ఆ నెర్రెలోకే జారిపోయాయి. వానలు పడ్డాక అదే మట్టి ఉబ్బి అంచును బయటికి తోసింది. మూడో ఏటికి అది ముక్కలై పక్కకు ఒరిగింది.

మేస్త్రీని తప్పుపట్టలేను. పని బాగానే చేశాడు. అయితే మా నేల స్వభావం వేరు. మహారాష్ట్రలోని మా నాందేడ్ జిల్లాలో చాలాభాగం నల్లరేగడి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పరుచుకున్న లావా గట్టిపడి నల్లరాయి అయింది. అది శిథిలమై ఈ మట్టి పుట్టింది. ఇందులోని బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఏటా కదిలే ఇలాంటి నేల మీద సిమెంటుతో బిగించిన సన్నని గోడ నిలవదు. బిలోలి, దెగ్లూర్ వైపు ఎర్రనేల, ఇసుకనేల ఉన్నవారికి ఈ బాధ తక్కువే. నల్లరేగడిలో మొక్కలు పెంచేవారు మాత్రం నేలతో పాటు కదలగలిగే అంచునే ఎంచుకోవాలి.

దీనికి నాకు బాగా నచ్చినది బండ. మా బజారులో షాబాదీ ఫర్షీ అంటారు. కర్ణాటకలోని షాబాదు నుంచి, తెలంగాణలోని తాండూరు నుంచి వచ్చే సున్నపురాయి పలకలివి. ఇక్కడి ఇళ్లలో వంటగట్టు మీద పరిచే నల్లబండను మరాఠీవారు కడప్పా అనే పిలుస్తారు. మన కడప పేరు వారి వంటింట్లో అలా స్థిరపడిపోయింది. గచ్చు పరిచాక మిగిలే విరిగిన పలకలు బండల దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. మడి చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వి, అడుగున బెత్తెడు మొరం, అంటే గరుకైన గులకమట్టి, పోసి దిమ్మిస కొట్టండి. పలకలను నిలువుగా దించి, ఇరువైపులా మొరం కూరండి. సిమెంటు వద్దు. కనీసం సగం ఎత్తు భూమిలో ఉండాలి. ఒక పలక ఒరిగితే దాన్నొక్కదాన్నే లేపి సరిచేసుకోవచ్చు. మా కొత్త అంచు ఇదే. ఏడాదికోసారి రెండు మూడు పలకలను సర్దుతాను, అంతే.

పలకల మధ్య వేలు పట్టేంత సందు అక్కడక్కడా వదలండి. జడివానకు మడిలో నీరు నిలిస్తే కనకాంబరం వేరు కుళ్లిపోతుంది.

ఇటుక కావాలంటే మంచిదాన్ని ఏరుకోవాలి. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమనాలి. ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. బాగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి, మళ్లీ తూచండి. పెరిగిన బరువు మొదటి బరువులో 20 శాతం దాటకూడదు. 3 కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీరు తాగిందంటే అది తడిమట్టిలో పొరలుపొరలుగా రాలుతుంది. లెక్క చెబుతాను, రాసుకోండి. 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మడికి చుట్టుకొలత 26 అడుగులు. 9 అంగుళాల ఇటుకలు పొడవునా పరిస్తే 35 పడతాయి. నాలుగున్నర అంగుళాల ముఖం కనిపించేలా నిలబెట్టి సగం పాతితే 70 కావాలి. ఖర్చు రెట్టింపైనా నిలబెట్టడమే మంచిది. ఎందుకంటే గరిక మట్టి పైన తీగలుగా పాకుతుంది, లోపల తెల్లని కాడలుగానూ పాకుతుంది. పైపైన పరిచిన ఇటుక దానికి అడ్డే కాదు.

వెదురు బద్దలు అందంగానే ఉంటాయి కానీ, మట్టిలో పాతితే చెదలు పడతాయి, మూడేళ్లు నిలిస్తే గొప్ప. ఎండకు ప్లాస్టిక్ పట్టీలు పెళుసెక్కుతాయి. పిల్లలు తిరిగే పెరట్లో గాజు సీసాలు బోర్లించకండి. పొలంలో ఏరిన నల్లరాళ్లుంటే అవే వరసగా పేర్చుకోండి, పైసా ఖర్చు లేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటిపైకప్పు మార్చినప్పుడు దిగే పాత సిమెంటు రేకులను ముక్కలు కొట్టి మడుల చుట్టూ పాతడం మా వైపు చాలా ఇళ్లలో చూశాను. ఆ పాత రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. రేకును విరిచినా, కోసినా కంటికి కనిపించనంత సన్నని నార గాలిలో లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. జబ్బు బయటపడడానికి పదుల ఏళ్లు పట్టవచ్చు కాబట్టి ఇవాళ ఏమీ కాలేదని ధైర్యపడకండి. దయచేసి ఆ రేకులకు సుత్తి తగలనివ్వకండి. ఇప్పటికే పాతి ఉంటే, నీళ్లతో బాగా తడిపి, విరగకుండా నెమ్మదిగా పైకి తీయండి. ఆ చోటును పొడి చీపురుతో ఊడ్చకండి. పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలంటారా? మే నెలలో ఈ నేల గునపానికి లొంగదు, శ్రావణంలో కాలికి అంటుకుని వదలదు. దీపావళి దాటాక, పిడికిట్లో పట్టిన మట్టి ముద్దయి, వేలితో నొక్కితే విడిపోయే రోజుల్లో కాలువ తవ్వండి. వేసవికి మట్టి ముడుచుకున్నాక పలకల పక్కన నెర్రె కనిపిస్తే అందులో ఇంకో బుట్టెడు మొరం పోసి కూరితే సరిపోతుంది.