పంటు మీద కీబోర్డు

శ్రోతలందరికీ నమస్కారం.

క్రైస్తవ సభల్లో పాటలు పాడుతూ ఊరూరా తిరిగే సంగీత బృందాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. నేను భీమవరం దగ్గర అలాంటి ఒక బృందంలో కీబోర్డు వాయిస్తాను. పాడేవాళ్లు, ఢోలక్, ప్యాడ్స్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు, బేస్ గిటారు, సౌండ్ చూసుకునే కుర్రాడు, వ్యాను నడిపే బాబాయి, అంతా కలిపి ఒక్క వ్యానుకి సరిపోతాం. రంగు లైట్ల కింద మమ్మల్ని చూసినవాళ్లు "మీకేమండీ, హాయిగా పాడుకుంటూ ఊళ్లు తిరుగుతారు" అంటారు. తిరుగుతాం, నిజమే. కానీ అందులో పాడేది గంటన్నరో, రెండు గంటలో. మిగతాదంతా సామాను దించడం, ఎక్కించడం, వైర్లు చుట్టడం, కూర్చుని ఎదురుచూడడం.

మా ఏడాది డిసెంబరులో మొదలవుతుంది. ఒకటో తారీఖు రాగానే సెమీ క్రిస్మస్‌ల హడావుడి. పండుగ 25నే అయినా కాలేజీలు, ఆసుపత్రులు, పేటల్లో చిన్న చిన్న సంఘాలు ముందే జరుపుకుంటాయి. మధ్యాహ్నం ఒకచోట, సాయంత్రం ఇంకోచోట. 31 రాత్రి కొత్త సంవత్సరపు ఆరాధన అయ్యేసరికి పాడేవాళ్ల గొంతులు బొంగురు పోతాయి. సంక్రాంతికి కాస్త ఊపిరి పీల్చుకుంటాం. ఫిబ్రవరి, మార్చి నెలలు బహిరంగ సభలవి. పల్నాడు లాంటి మెట్ట ప్రాంతాల్లో అయితే పంట తీసేసిన చేలల్లో పందిళ్లు వేస్తారు. మా డెల్టాలో అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట వరి, చేలు పచ్చగా ఉంటాయి కాబట్టి హైస్కూలు మైదానమో, కొబ్బరితోటో చూసుకోవాలి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ పాటలు నెమ్మదిస్తాయి, ప్యాడ్స్‌కి పెద్దగా పనుండదు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల తోటలో ఉండాలి. సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి జనం నిలబడి ఉంటారు. అక్కడికి పెద్ద సామానేమీ పట్టుకెళ్లం, ఒక ఢోలక్ చాలు. మే నెలలో యువజన సదస్సులు. జూన్‌లో వాన పడిందా, ఇక ఇల్లే. మాలో ఒకడు ఎలక్ట్రీషియన్ పనికి వెళ్తాడు, ఒకడు పిల్లలకి ట్యూషన్ చెప్తాడు, ఇంకొకడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి వాయిస్తాడు.

దారుల్లో నాకు బాగా ఇష్టమైనది నరసాపురం రేవు. కోనసీమలో సభ ఉంటే వశిష్ఠ గోదావరి దాటి అవతల సఖినేటిపల్లిలో దిగాలి. వ్యాను పంటు ఎక్కించడమంటే, అంటే బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే బల్లకట్టు ఎక్కించడమంటే, బాబాయికి ప్రతిసారీ టెన్షనే. వెనక చక్రాలు పంటు మీదికి ఎక్కేదాకా ఎవరినీ మాట్లాడనివ్వడు. కీబోర్డు మాత్రం నేను వ్యానులో ఉంచను, ఒళ్లో పెట్టుకుని పంటు అంచున కూర్చుంటాను. పక్కన మేకలు, కొబ్బరి బొండాలు, స్కూటర్లు. "అందులో ఏముంది బాబూ?" అని ఎవరో ఒకరు అడగకుండా రేవు దాటిన గుర్తు లేదు. సభ ముగిసే వేళకి పంటు ఉండదు. రాజోలు మీదుగా వచ్చి చించినాడ వంతెనెక్కి, పాలకొల్లు తిరిగి ఇల్లు చేరాలి.

ఈ దారిలో మాకంటే ముందు తిరిగినవాళ్లున్నారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ తమ పనికి ఎంచుకున్నది ఈ గోదావరి డెల్టానే. నరసాపురం, పాలకొల్లు వాళ్ల కేంద్రాలయ్యాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల మీద పడవ ప్రయాణాలు పెరిగాయి గానీ, వాళ్లు వచ్చేనాటికి ఆ సుఖమూ లేదు. ఉత్తరాన పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1803 నుంచి 1890 దాకా బతికిన మనిషి. శ్రీకాకుళం, బరంపురం, కటకం వైపంతా తిరిగి సువార్త ప్రకటించాడు, తిరుగుతూనే కీర్తనలు కట్టాడు. ఆ కీర్తనలు ఇవాళ్టికీ మా సభల్లో పాడుతున్నారు. మేం ఏసీ పనిచేయని వ్యాను గురించి సణిగేటప్పుడు మా బృందంలో పెద్దన్న ఆయన పేరెత్తి మా నోళ్లు మూయిస్తుంటాడు.

ఆ కీర్తనల సంగతి కాస్త చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. కచేరీ కీర్తనల పద్ధతే. చాప మీద కూర్చున్న మామ్మలకు రాగం పేరు తెలియకపోవచ్చు, రాగం మాత్రం తెలుసు. అసలు పరీక్ష మాకు అక్కడే.

మేం కట్టుకొచ్చిన పాటలు మూడు నాలుగు అయ్యాక అయ్యగారు, అంటే పాస్టరుగారు, మైకులో "మామ్మగారూ, మీరొక పాట ఎత్తండి" అంటారు. ముందు వరసలో డెబ్బై దాటిన మామ్మ లేచి నిలబడుతుంది. కొంగు సర్దుకుంటుంది, మైకు వద్దంటుంది. ఇక ఎత్తుకుంటుంది. ఏ శృతి? ఆమె ఇష్టం. శృతిని మేం మెట్ల అంకెలతో చెప్పుకుంటాం; మగవాళ్లు ఒకటిన్నరలోనో రెండులోనో పాడితే ఆడవాళ్లు ఐదు దరిదాపుల్లో పాడతారని మాకొక లెక్క. మామ్మ పట్టేది ఐదుకీ ఐదున్నరకీ మధ్య. నా కీబోర్డు మీద ఆ చోట మెట్టే లేదు. పల్లవి మొదటిసారి అయ్యేదాకా నేను వేలు పెట్టను, వింటాను. వాల్యూము బాగా తగ్గించి షడ్జమం, అంటే ఆమె 'స', ఎక్కడుందో చెవితో వెతుక్కుంటాను. తర్వాత ట్రాన్స్‌పోజ్ బటన్. అది ఒక్కో నొక్కుకి అర స్వరం జరుపుతుంది. మిగిలిన తేడాకి ట్యూనింగ్‌లోకి వెళ్లి 440 హెర్ట్జ్‌ని నాలుగైదు అంకెలు అటో ఇటో లాగాలి. ఇదంతా ఒక చేత్తో, చీకట్లో, జనం చూస్తుండగా. కుదిరిందనుకునే సరికి రెండో చరణం వస్తుంది, మామ్మ హుషారులో ఇంకో అర మెట్టు పైకెక్కుతుంది, జనమంతా ఆమె వెనకే పోతారు. మళ్లీ మొదటికి.

తాళం ఇంకా కష్టం. లైను చివర ఆమె ఊపిరి తీసుకునేంతసేపు అందరూ ఆగుతారు. ఒక్కోసారి రెండు మాత్రలు, ఒక్కోసారి మూడున్నర. మెషీన్ రిథమ్ పెడితే పాట రెండు ముక్కలవుతుంది. అందుకే అప్పుడు ప్యాడ్స్ కుర్రాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఢోలక్ ఒక్కటే సాగుతుంది. మా ఢోలక్ ఆయన ఆమె వీపు వైపు చూస్తుంటాడు. భుజాలు పైకి లేస్తే ఊపిరి తీస్తోందని గుర్తు, చెయ్యి ఆపేస్తాడు. పాడేవాళ్ల కన్నా, లైట్ల కన్నా మా బృందంలో గొప్ప సంగతి ఏదని నన్నడిగితే ఈ ఆగడమే అంటాను. వేదిక మీదున్నంత మాత్రాన పాట మాది కాదు. వాళ్ల పాటకి మేం తోడు వెళ్తాం, అంతే. ఈ ఇంగితం లేని బృందాలు ఎంత బాగా వాయించినా జనం చేతులు కట్టుకుని చూసి ఇంటికెళ్లిపోతారు.

ఈ ఢోలక్ ఆయన ముస్లిం. సభల్లో వాయించేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఇది వినడానికి వింతేమో గానీ మాకు మామూలు. ఈమధ్య ఏళ్లలో రంజాన్ సరిగ్గా మా సభల సీజన్లోనే పడుతోంది. సాయంత్రం ఆరు దాటాక సౌండ్ చెక్ మధ్యలో ఆయన పక్కకి వెళ్లి ఉపవాసం విడుస్తాడు. ఒక ఊళ్లో అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ఖర్జూరాలు, కోసిన పుచ్చకాయ ముక్కలు ప్లేటులో పెట్టి, పైన ఇంకో ప్లేటు మూసి, వేదిక వెనక్కి తానే తెచ్చిచ్చారు. ఎవరు చెప్పారో ఏమో మరి.

వెనకటి రోజుల్లో తబలా కూడా వెంట ఉండేది. డిసెంబరు మంచుకి తోలు వదులైపోయి సభ మధ్యలో సుత్తి తీయాల్సి వచ్చేది. శృతి మారినప్పుడల్లా ఇంకో దాయాఁ, అంటే కుడిచేతి తబలా, కావాలి. రోలాండ్ కంపెనీ ఎస్‌పీడీ-20 ప్యాడ్స్ వచ్చాక ఆ బాధ పోయింది. దానికి మంచు లేదు, వాన లేదు. అందుకే మన సభల్లో తబలా వెనక్కి తగ్గింది. దాని నాదం ఇది ఇవ్వదు, ఎవరేమన్నా సరే.

కరెంటు గురించి చెప్పకపోతే మా సౌండ్ కుర్రాడు ఊరుకోడు. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి జనరేటరు ఉండాల్సిందే. ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లలో జుమ్మని శబ్దం, మైకు పెదవికి తగిలితే చురుక్కుమనడం. చాలామంది నవ్వుకుంటారు గానీ, వాడు ఊరికి దిగగానే చేసే మొదటి పని, ఎర్తు రాడ్డు ఎక్కడ పాతారో అడిగి ఆ గుంటలో బకెట్టుడు ఉప్పునీళ్లు పోయించడం. ఇది ప్రాణాల మీది సంగతి.

ఇక రాత్రి పది గంటల నిబంధన. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. నిబంధన మంచిదే, పక్కింట్లో పరీక్షకి చదివే పిల్ల ఉంటుంది. అయితే వాక్యం చెప్పేవారు, అంటే ప్రసంగించేవారు, తొమ్మిదికి ముగిస్తామని పదికి ఐదు నిమిషాలుండగా ముగిస్తే, కోత పడేది మా చివరి పాటకే. దాని కోసం వారం రోజులు ప్రాక్టీసు చేసి ఉంటాం. ఏం చేస్తాం, వైర్లు చుట్టుకుంటాం.

డబ్బు సంగతి ఎవరూ అడగరు, అందరికీ తెలుసుకోవాలని ఉంటుంది. క్యాసెట్ల కాలంలో సభ పక్కన ఒక బల్ల వేసి మా పాటల క్యాసెట్లు అమ్మేవాళ్లం. డీజిలు డబ్బులు అందులో వచ్చేవి. తర్వాత సీడీలు. ఇప్పుడు పాటలన్నీ యూట్యూబ్‌లో ఉచితం, ఆ బల్ల ఎత్తేశాం. పైగా కుర్రాళ్లు వచ్చి "అన్నా, వీడియోలో ఉన్న మ్యూజిక్ అచ్చం అలాగే రావాలి" అంటారు. వ్యానులో ఆ పన్నెండు సెకన్ల ముక్కనే తిప్పి తిప్పి వింటూ వెళ్తాం, బాబాయికి చిరాకొచ్చేదాకా. మరి ఆదాయం? కవరే. సభ అయ్యాక అయ్యగారు చేతిలో పెట్టే కానుక కవరు. అందులో ఎంతుందో వ్యాను ఊరు దాటాకే చూస్తాం, అది మర్యాద. ఒకసారి దండిగా ఉంటుంది, ఒకసారి డీజిలుకే సరిపోదు. పూరి గుడిసెల పేటలో రూపాయి రూపాయి పోగేసి ఇచ్చిన కవరుకి మాకే అభ్యంతరమూ లేదు. పెద్ద వేదిక వేసి, ఫ్లెక్సీలు కట్టి, లైట్లకి బేరమాడకుండా ఇచ్చి, వాయించినవాడి దగ్గరికొచ్చేసరికి "దేవుని పని కదా బ్రదర్" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. లైట్లవాడూ ఆ పనికే వచ్చాడు కదా.

విదేశాలకు వెళ్లివచ్చే గాయకుల కథ వేరు. కువైట్‌లో శుక్రవారం సెలవు, అందుకని అక్కడ తెలుగు సంఘాల ఆరాధన కూడా శుక్రవారమే. కడప వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ పనికి వెళ్లినవాళ్లే అందులో ఎక్కువ. విమానంలో వాయిద్యాలు మోసుకెళ్లలేం కాబట్టి పాడేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ట్రాకులతో వెళ్తారు. మా బృందంలోని అక్క ఒకామె వెళ్లొచ్చింది. ట్రాకు కరెక్టుగానే నడిచిందట, కానీ పాట అయిపోయాక జనం మళ్లీ మళ్లీ పల్లవి ఎత్తుకుంటుంటే ట్రాకు ఎప్పుడో ఆగిపోయిందని, చివరి పది నిమిషాలు చప్పట్లతోనే పాడారని చెప్పింది. ఆ పది నిమిషాలే బాగున్నాయట.

సరే, మీ ఊరికి ఇలాంటి బృందాన్ని ఎప్పుడైనా పిలిస్తే రెండు మూడు విషయాలు పట్టించుకోండి. ఎంత ఇవ్వగలరో ఫోనులోనే చెప్పేయండి, తక్కువైనా సరే, వచ్చేవాళ్లు వస్తారు. ఎర్తింగ్ ముందురోజే చూపించుకోండి. వ్యాను నడిపే మనిషికి పడుకోవడానికి ఫ్యాను కింద ఒక మంచం ఇవ్వండి, తిరుగు ప్రయాణంలో మా ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి. భోజనం సభకి ముందే పెట్టేయండి. ప్రేమవిందులో బిర్యానీ ఎంత ప్రేమగా దాచిపెట్టినా, పదిన్నర దాటాక వైర్లు చుట్టి మేం వచ్చేసరికి డేగిసా అడుగున మిగిలేది లవంగాలూ, బిర్యానీ ఆకులే.

నమస్కారం.