గల్లాపెట్టె లెక్క తప్పితే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. దుకాణాల్లో పనివాళ్ల చేతివాటం గురించి మీ ప్రశ్నలకు ఆడిటర్ గారు జవాబిస్తారు. మొదటి కాల్ పాలకొల్లు నుంచి. చెప్పండి.

పాలకొల్లు శ్రోత: నమస్కారమండి. మాది కిరాణా హోల్‌సేల్ అండి, నాన్నగారి టైమ్ నుంచీ ఉంది. ఈమధ్య నూనె ప్యాకెట్లు తగ్గిపోతున్నాయండి. తొమ్మిదేళ్ల నుంచీ ఉన్న కుర్రాడు మొన్న కొత్త బండి కొన్నాడు. వాణ్ణి ఏం చేయమంటారు?

ఆడిటర్: ఎన్ని ప్యాకెట్లు తగ్గాయి?

శ్రోత: చాలా తగ్గాయండి.

ఆడిటర్: చాలా అంటే ఎన్నండీ?

శ్రోత: పెట్టెకి రెండో మూడో... సంక్రాంతికి అల్లుడుగారు వచ్చారండి, ఆ హడావిడిలో నేను షాపుకి సరిగ్గా...

ఆడిటర్: అల్లుడుగారి సంగతి అలా ఉంచండి. సరుకు ఆఖరిసారి ఎప్పుడు లెక్కపెట్టారు?

శ్రోత: ఉగాదికండి.

యాంకర్: మొన్నటి ఉగాదికా?

శ్రోత: కాదండి, అంతకు ముందుదానికి.

ఆడిటర్: ఇదండీ అసలు జబ్బు. లెక్క లేకుండా అనుమానం పెట్టుకోకండి. నూనె, కందిపప్పు, పంచదార, సిగరెట్లు, ఇలా ఎక్కువ కదిలే ఇరవై సరుకులు రాసుకోండి. ప్రతి శనివారం రాత్రి షట్టర్ వేశాక మీరే లెక్కపెట్టండి. పాత నిల్వకి కొన్నది కలిపి, అమ్మింది తీసేస్తే ఎంత ఉండాలి, ఎంత ఉంది? నాలుగు వారాలు చూస్తే తరుగు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. లారీ దించేటప్పుడే తక్కువ వస్తోందేమో! సరుకు దించుకునేవాడు, పుస్తకం రాసేవాడు, గోడౌన్ తాళం ఉంచుకునేవాడు ఒక్కడే కాకూడదు.

శ్రోత: ఆ మూడూ వాడేనండి. మరి వాణ్ణి ఏం చేయమంటారు?

ఆడిటర్: మళ్లీ అదే! వాడి మీద మీ దగ్గర ఏం రుజువుంది? బండి ఫైనాన్స్‌లో కొన్నాడేమో. మీ ఇంటికి సరుకు ఎలా వెళ్తుంది?

శ్రోత: ఆయ్, మా ఆవిడ ఫోన్ చేస్తే పంపేస్తామండి.

ఆడిటర్: చీటీ రాస్తారా?

శ్రోత: ఇంటికి చీటీ ఏంటండీ?

ఆడిటర్: రేపట్నుంచి రాయండి. ఇంటికెళ్లిన నూనె కూడా తరుగులోనే పడుతుంది మరి.

శ్రోత: రాస్తానండి. కానీ మా బావమరిది, రాత్రికి వాణ్ణి గోడౌన్‌లో కూర్చోబెట్టి తలుపేసి అడుగుదాం అంటున్నాడండి.

ఆడిటర్: అస్సలు వద్దు! మనిషిని గదిలో నిర్బంధిస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద కేసు మీ మీదే పడుతుంది. భయపెట్టి రాయించుకున్న కాగితం కోర్టులో నిలబడదు. రుజువు దొరికితే ఫిర్యాదు ఇవ్వండి. పనివాడు యజమాని స్వాధీనంలోని సరుకు దొంగిలిస్తే సెక్షన్ 306, నమ్మి అప్పగించిన డబ్బు వాడుకుంటే సెక్షన్ 316. రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 381, 408 వర్తిస్తాయి.

యాంకర్: ధన్యవాదాలండి. భీమవరం నుంచి?

భీమవరం శ్రోత: బట్టల షాపు సార్. బిల్లులు ఎక్కువగా క్యాన్సిల్ అవుతున్నాయి.

ఆడిటర్: కస్టమర్ డబ్బిచ్చి వెళ్లాక బిల్లు క్యాన్సిల్ చేసి, డబ్బు జేబులో వేసుకోవడం పాత పద్ధతే. క్యాన్సిల్ చేసే పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. కౌంటర్ వారీగా క్యాన్సిల్ బిల్లుల లిస్టు రోజూ తీయండి. సీసీ కెమెరా వీడియో కొన్నాళ్లకు చెరిగిపోతుంది, అనుమానం వచ్చిన రోజే కాపీ తీయించండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం అనే చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

యాంకర్: అమలాపురం, త్వరగా చెప్పండి.

అమలాపురం శ్రోత: మా క్యూఆర్ స్టిక్కర్ మీద ఎవరో వేరేది అంటించారండి.

ఆడిటర్: పొద్దున్నే షాపు తీయగానే ఒక్క రూపాయి కొట్టి చూసుకోండి. సౌండ్‌బాక్స్ పెట్టించండి. డబ్బు వేరే ఖాతాకి పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యాంకర్: రావులపాలెం నుంచి ఒక సోదరి.

రావులపాలెం శ్రోత: నేను సూపర్ మార్కెట్‌లో పని చేస్తానండి. ఏ సరుకు తగ్గినా అందరి జీతాల్లోంచీ సమానంగా కోస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు సార్.

ఆడిటర్: అది తప్పమ్మా. మీకు అప్పగించిన సరుకో డబ్బో మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. కోసే ముందు మీ సంజాయిషీ వినాలి. నష్టం కంటే ఎక్కువ కోయకూడదు. అందరికీ కలిపి కోయడం కుదరదు. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీతం చీటీలు దాచుకోండమ్మా. యజమానులు కూడా వినండి, లెక్క చేయకుండా ఎవర్నీ...

యాంకర్: సమయం అయిపోయింది సార్, ధన్యవాదాలు. రేపు ఇదే సమయానికి కొబ్బరిలో ఎర్ర ముక్కు పురుగు నివారణ.