నాష్‌విల్ చర్చి నేలగదిలో జాన్ లూయిస్

మిత్రులారా,

తరవాత అమెరికా పౌరహక్కుల ఉద్యమ నాయకుడైన జాన్ లూయిస్ 1958లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అలబామా రాష్ట్రంలో తన ఊరి దగ్గరున్న ట్రాయ్ స్టేట్ కాలేజీలో చేరాలనుకున్నాడు. అది తెల్లవాళ్ల కాలేజీ, లూయిస్ నల్లవాడు. సాయం కోసం మార్టిన్ లూథర్ కింగ్‌నే కలిశాడు. కోర్టుకెక్కితే కన్నవాళ్ల ఇంటికీ పొలానికీ ముప్పు రావచ్చని కింగ్ దాచకుండా చెప్పాడు. ఇంట్లోవాళ్లు జంకారు. ఆ ప్రయత్నం అక్కడితో సరి. అంతటి గురువు దొరికినా వెనకాల జట్టు లేదు.

జట్టు టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో దొరికింది. అక్కడ జేమ్స్ లాసన్ ఒక చర్చి నేలగదిలో అహింసా పోరాటం నేర్పే వర్క్‌షాపులు నడిపేవాడు. ఈయన 1953 నుంచి మూడేళ్లు మన నాగపూర్‌లో, హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీ పద్ధతిని దగ్గరగా చదువుకుని వెళ్లినవాడు. ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. దుకాణాల్లోని లంచ్ కౌంటర్ల దగ్గర, అంటే కూర్చుని తినే బల్లల దగ్గర, నల్లవాళ్లకు వడ్డించేవాళ్లు కాదు. అక్కడ కూర్చుని కదలకపోవడమే నిరసన. అందుకే కుర్చీలు వరసగా వేసి లంచ్ కౌంటర్ అనుకోమనేవాడు. కొందరు కూర్చుంటే, మిగతావాళ్లు బూతులు తిట్టాలి, ముఖాన పొగ వదలాలి, కుర్చీలోంచి లాగిపడెయ్యాలి. తరవాత పాత్రలు తారుమారు. కొట్టేవాడి కోపం ఎక్కడ రాజుకుంటుందో ఆ పాత్ర వేస్తేగాని తెలియదు. కింద పడితే తల ఎలా కాపాడుకోవాలి, ఒక్కడి మీదే దెబ్బలు పడుతుంటే రెండోవాడు ఎలా అడ్డం వెళ్లాలి, ఇవన్నీ సాధన చేయించేవాడు. కోపం ఆపుకోలేనివాళ్లను కౌంటర్ దగ్గరికి పంపకూడదు. వాళ్లకు వేరే పని ఇవ్వాలి. ఒక్కడు చెయ్యెత్తితే చాలు, మర్నాటి పత్రికల్లో అందరూ రౌడీలే.

1959 నవంబరు, డిసెంబరుల్లో రెండు పెద్ద దుకాణాల్లో పరీక్షగా కౌంటర్ దగ్గర కూర్చుని, వడ్డించమంటే కారణం అడిగి లేచి వచ్చేశారు.

అసలు మలుపు 1960 ఫిబ్రవరిలో. నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న వార్త రాగానే, ఎన్నడూ సాధన చేయనివాళ్లు గుంపులుగా వచ్చిపడ్డారు. ఊళ్లోని ఉద్యమ పెద్దలు ఆగమన్నారు. బెయిలుకు డబ్బేదీ? వాళ్ల సంఘం ఖాతాలో ఉన్నది 87 డాలర్ల 50 సెంట్లు. ఆ లెక్కలో తప్పులేదు. కానీ పిల్లలు ఆగలేదు, 13న బయల్దేరారు. కొత్తవాళ్ల కోసం లూయిస్, తోటి విద్యార్థి బెర్నార్డ్ లఫాయెట్ నియమాల కాగితం తయారుచేశారు: తిరిగి కొట్టొద్దు, తిట్టొద్దు, పకపకా నవ్వొద్దు, నిటారుగా కౌంటర్ వైపే చూస్తూ కూర్చోవాలి, నాయకుడు చెప్పేదాకా లేవొద్దు. 27న పోలీసులు 81 మందిని పట్టుకుపోయారు. ఒక విడత వెళ్లగానే రెండో విడత అవే సీట్లలో కూర్చుంది. 50 డాలర్ల జరిమానా కట్టబోమని చాలామంది జైలుకే వెళ్లారు. మే 10న ఆరు దుకాణాలు నల్లవాళ్లకు వడ్డించాయి.

ఈ మధ్యలోనే, ఏప్రిల్‌లో, కింగ్ సంస్థలో పనిచేస్తున్న ఎల్లా బేకర్ నార్త్ కరోలినాలోని రాలీ నగరంలో, షా యూనివర్సిటీలో విద్యార్థులను సమావేశపరిచింది. కింగ్ సంస్థకు యువజన విభాగం చేద్దామన్న పెద్దల ఆలోచన ఆమెకు నచ్చలేదు. మీ సంఘం మీరే పెట్టుకోండంది. విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం, పొట్టిగా స్నిక్, పుట్టింది అలాగే. నా దృష్టిలో లాసన్ శిక్షణ ఎంత ముఖ్యమో, ఆమె పక్కకు తప్పుకోవడమూ అంత ముఖ్యం.

1961 మే 14న అలబామాలోని ఆనిస్టన్‌లో ఫ్రీడమ్ రైడర్ల బస్సును తగలబెట్టారు. బస్సు ప్రయాణాల్లో రంగుభేదాన్ని ధిక్కరిస్తూ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ప్రయాణించేవాళ్లే ఈ రైడర్లు. యాత్ర ఆగిపోయే పరిస్థితి. నాష్‌విల్ విద్యార్థులు చర్చించుకుని పదిమందిని పంపారు, వాళ్లలో లూయిస్ ఒకడు. చస్తే పోస్టు చెయ్యమని కొందరు మూసిన ఉత్తరాలు నాష్‌విల్ విద్యార్థి నాయకురాలు డయాన్ నాష్ చేతికిచ్చారు. ఆమె బస్సెక్కలేదు. ఫోను దగ్గర ఒకరు ఉండాలి కదా.